ఇరవై మూడు గుంజలు

ఏటా డిసెంబరులో వస్తుంది సెకొందీనా,
పదమూడో నెల పింఛను కవరులో పెట్టుకుని.
"ఒకటి" అంటుంది, వేలు చూపించి మరీ.
ఒక్క గుంజ. అక్రోటు కర్ర.
మెడ సన్నం, పొట్ట గుండ్రం, పాదం నలుచదరం.

మొందొవీ కొండ మీద, ఆ పాత ఇంటి మెట్లకి
ఇరవై మూడు గుంజలు లేవు.
నలభై నాలుగు చలికాలంలో వాళ్లమ్మ రంపం పట్టింది,
ఒకటి విడిచి ఒకటి,
పైనున్న చేతిపట్టె కుంగకుండా లెక్క చూసుకుంటూ.
ఆవిడ మేస్త్రీ కాదు, టోపీలు కుట్టేది.
బరువు ఎక్కడ వాలుతుందో
ఆవిడకెవరు చెప్పారో తెలీదు.

ఏ గుంజ ఏం వండిందో సెకొందీనాకి గుర్తు.
కింది నుంచి నాలుగోది, ఉడికిన చెస్ట్‌నట్ కాయలు.
తొమ్మిదోది, చెల్లెలు పుట్టిన రాత్రి వేడినీళ్లు.
ఇంకోటి మంచు నీళ్లకి నాని ఉంది,
పొగే తప్ప మంట లేదు.
అమ్మ దాన్ని తిట్టింది, మనిషిని తిట్టినట్టు.

దీని పేరు మా భాషలోకి
దానిమ్మ పువ్వులోంచి వచ్చిందని మా మామయ్య చెప్పేవాడు:
విచ్చీ విచ్చని మొగ్గ, అడుగున ఆ ఉబ్బు.
నేను దానిమ్మ మొగ్గని బొమ్మలోనే చూశాను.
నాకు తెలిసింది లేతు.
కర్ర తిరుగుతుంటే ఉలి ఆనిస్తాను,
ఒత్తిన చోట మెడ, వదిలిన చోట పొట్ట,
మోచేతుల దాకా పొట్టు.
బిగించాక దూరం నుంచి చూస్తే
రెండు గుంజల నడుమ గాలి కూడా
తరిమెన పట్టినట్టే ఉంటుంది,
దానికీ మెడ, దానికీ నడుము.
దానికి మాత్రం నేను బిల్లు వెయ్యలేదు.

ఒకసారి మునిసిపాలిటీ నుంచి ఒకాయన వచ్చాడు,
పది సెంటీమీటర్ల బంతి చేత్తో పట్టుకుని.
బంతి దూరితే పిల్లవాడి తల దూరినట్టే, అదీ రూలు.
బంతి దూరింది.
దూరి, మూడంతస్తులు ఎగురుకుంటూ దిగి,
వీధి తలుపులోంచి వాలు వీధిలోకి పోయింది.
సెకొందీనా గోడకానుకుని నవ్వింది,
దగ్గొచ్చేదాకా.
"మా తలలన్నీ దూరాయి నాయనా,
నాన్న వస్తున్నాడేమోనని."

ఏడో ఏడు నేనొకటి తలకిందులుగా బిగించాను.
పొట్ట పైకి, మెడ కిందికి. చూసుకోలేదు.
ఆవిడ కళ్లప్పటికే మసక,
చేతికర్ర గుంజలకి ఆనిస్తూ దిగుతుంది:
టక్, టక్, ఏమీ లేదు, టక్.
ఆ చోట ఆగింది.
"వీడి గొంతు వేరేగా ఉందే."
విప్పి తిప్పుతానన్నాను.
"ఉండనీ. ఇంటికొకడు అలాంటివాడుండాలి.
మాకు రెమీజో ఉండేవాడు."
రెమీజో ఏమయ్యాడని నేను అడగలేదు,
ఆవిడ చెప్పలేదు.

ఇరవై రెండు అయ్యాయి.
ఈ డిసెంబరులో కవరు బల్ల మీద పెట్టింది,
వేలు చూపించలేదు.
తెలిసిన ధరనే మళ్లీ అడిగింది, తల ఊపింది, వెళ్లింది.
చేశాను. ఇన్నేళ్లలో ఇంత నున్నగా ఏదీ రాలేదు.
జనవరంతా నా కొట్టు తలుపు పక్కన నిలబడింది,
గొడుగులతో పాటు.
బిగించమని కబురు లేదు.

చివరికి నేనే చంకలో పెట్టుకుని వెళ్లాను.
రెండో అంతస్తు ఇలియాస్, వాళ్లది మొరాకో,
బడి స్కేలు గుంజల మీద లాగుతూ పరిగెడుతున్నాడు:
టర్ర్ర్ర్ర్,
ఒక్క చోట చప్పుడు లేదు,
మళ్లీ టర్ర్ర్ర్.
వెనక్కొచ్చాడు. ఆ చోటికే.
స్కేలు గాల్లోకి పోనిచ్చాడు, తీశాడు, పోనిచ్చాడు.
"ఇక్కడ ఏముండేది?"

పై నుంచి తలుపు సందులో గొంతు:
"పాలు."

వాడికి అది చాలినట్టుంది.
స్కేలు పట్టుకుని మళ్లీ పైకెక్కాడు.
నేను గుంజని ఇంకో చంకలోకి మార్చుకుని దిగాను,
జేబులో స్క్రూలు
మెట్టు మెట్టుకీ మోగుతుంటే.